ఫోను, ల్యాప్‌టాప్ పాడైతే బాగు చేయించాలా, మార్చాలా, అదనపు వారంటీ తీసుకోవాలా? విశాఖవాసుల తరచు ప్రశ్నలు

పెదవాల్తేరులో మేముండే అపార్ట్‌మెంటులో ఇరుగుపొరుగువారు సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్ కాగితాలు, వారంటీ కార్డులు పట్టుకొని నా దగ్గరకు రావడం కొన్నేళ్లుగా అలవాటైంది. వారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మొబైల్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు, స్మార్ట్ వాచీలు, ఇయర్‌బడ్స్ వంటి సొంత వాడకపు వస్తువులకే ఇవి వర్తిస్తాయి. ఉదాహరణల్లోని ధరలు లెక్క తెలియడానికి నేను వేసుకొన్నవి మాత్రమే కనుక, మీ ఎస్టిమేట్‌లో ఉన్న అంకెలను వాటి స్థానంలో పెట్టి చూసుకోండి.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది ఎలా తేల్చుకోవాలి?

రిపేరు ఖర్చు కొత్త వస్తువు ధరలో సగం దాటితే కొత్తదే కొనుక్కోవాలని చాలామంది చెబుతారు. గుర్తుపెట్టుకోవడానికి ఇది తేలికే గానీ, బాగు చేసిన వస్తువు ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుందన్న అసలు విషయం ఈ లెక్కలో ఎక్కడా లేదు. అందుకే నేను నెలసరి ఖర్చు లెక్క వేయమంటాను.

మీరు 18,000 రూపాయలకు కొన్న ఫోనుకు డిస్‌ప్లే పగిలిందనీ, మార్చడానికి 5,400 అడిగారనీ అనుకుందాం. ఆ తరువాత ఫోను ఇంకో 18 నెలలు పనిచేస్తుందనుకుంటే నెలకు 300 రూపాయలు పడుతుంది. అదే ధరకు కొత్త ఫోను కొని 4 ఏళ్లు, అంటే 48 నెలలు వాడితే నెలకు 375 అవుతుంది. ఈ లెక్కన బాగు చేయించడమే మేలు. కానీ అదే ఫోనుకు కంపెనీ ఇచ్చే భద్రతా అప్‌డేట్లు మరో 6 నెలల్లో ఆగిపోతాయని తెలిస్తే, 5,400ను 6తో భాగించాలి. అప్పుడు నెలకు 900 పడుతుంది కాబట్టి నిర్ణయం తలకిందులవుతుంది. ధర ఒకటే, లోపం ఒకటే, ఫోను కూడా ఒకటే అయినా మిగిలిన ఆయుష్షును బట్టి జవాబు మారిపోతుందన్నది ఇక్కడ గమనించాలి.

ఆ మిగిలిన ఆయుష్షును అంచనా వేయడానికి మీ మోడల్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించిందో ముందుగా చూడండి. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కూ, 2024లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కూ ఏడేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీలు చెప్పాయి. అలాంటి ఫోనుకు మూడో ఏట డిస్‌ప్లే పోయినా డబ్బు పెట్టి మార్పించుకోవడంలో అర్థముంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఈ గడువు అంతకన్నా చాలా చిన్నది. యూపీఐ ద్వారా డబ్బు కట్టే ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడం చిన్న విషయం కాదు.

ఏయే లోపాలకు నిస్సంకోచంగా రిపేరు చేయించవచ్చు?

బ్యాటరీ, చార్జింగ్ పిన్, స్పీకర్, ల్యాప్‌టాప్ కీబోర్డు, హింజ్ (మూత తెరిచే మడత బందు). ఇవన్నీ వాడకంలో అరిగే భాగాలు కాబట్టి, మార్చినంత మాత్రాన మిగతా వస్తువు మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

వీటిలో బ్యాటరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "ఫోను పాతబడిపోయింది" అని పక్కన పెట్టేసేవాటిలో చాలావాటికి పాతబడింది బ్యాటరీ ఒక్కటే. లిథియం అయాన్ బ్యాటరీ ప్రతి చార్జింగ్‌తోనూ కొద్దికొద్దిగా శక్తి కోల్పోతుంది. ఐఫోన్ 14, అంతకు ముందరి మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి చార్జింగ్‌ల తరువాత 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా తయారు చేశామనీ, ఐఫోన్ 15 నుంచి ఆ సంఖ్యను 1,000కి పెంచామనీ ఆపిల్ చెబుతోంది. రోజుకొక పూర్తి చార్జింగ్ వేసుకుంటే 500 అంటే ఏడాదిన్నర కన్నా తక్కువే. కాబట్టి రెండో ఏట ఫోను మధ్యాహ్నానికే ఆగిపోతోందంటే అది సహజమైన అరుగుదల. ముందు బ్యాటరీ మార్పించి, ఒక నెల వాడి చూసి, ఆ తరువాత కొత్త ఫోను సంగతి ఆలోచించండి.

ల్యాప్‌టాప్ నెమ్మదించినప్పుడు కూడా ఇదే మాట. లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని స్థానంలో అంతకన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించుకుని, ర్యామ్ పెంచే వీలుంటే పెంచుకుంటే, చదువుకొనే పిల్లలకూ ఆఫీసు పనులకూ అది ఇంకా కొన్నేళ్లు సరిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి గనుక, డబ్బు పెట్టే ముందు మీ యంత్రంలో అది ఉందో లేదో చూపించుకోండి. లేకపోతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వాడటానికి సిద్ధపడినప్పుడే ఆ ఖర్చు పెట్టండి.

ఎప్పుడు మార్చుకోవడమే మంచిది?

నీళ్లు దిగి మదర్‌బోర్డు దెబ్బతిన్నప్పుడు, ఒకే ఏడాదిలో రెండు మూడు వేర్వేరు లోపాలు వచ్చినప్పుడు, విడిభాగాలు దొరకనప్పుడు. బోర్డును చిప్ లెవెల్‌లో బాగు చేయగల మంచి పనివారు మన నగరంలో ఉన్నారు, వారి నైపుణ్యం మీద నాకు గౌరవముంది. అయితే తేమ పట్టిన బోర్డులో ఈరోజు ఒక ఐసీ (చిన్న చిప్) మారిస్తే మూడు నెలలకు పక్కన ఉన్నది పోవచ్చు, దానికి పనివారు బాధ్యులు కారు. అలాంటి బోర్డుకు పెట్టే ఖర్చు ఫోటోలు, కాంటాక్టులు బయటికి తీసుకొనేందుకు పెట్టే ఖర్చుగా భావించండి.

ఇయర్‌బడ్స్, స్మార్ట్ వాచ్ బాగు చేయించవచ్చా?

ఇయర్‌బడ్స్ చాలావరకు జిగురుతో అంటించి ఉంటాయి, విప్పితే మళ్లీ సరిగా అతకవు. ఒకవైపుది గానీ కేసు గానీ విడిగా అమ్ముతారేమో కంపెనీని అడగండి. వాచీకి బ్యాటరీ, అద్దం మార్చవచ్చు గానీ, విప్పిన తరువాత దాన్ని పెట్టుకొని ఈతకు వెళ్లవద్దు.

విశాఖలో ఎలక్ట్రానిక్ వస్తువులు త్వరగా పాడవుతాయంటారు, నిజమేనా?

నిజమే, దానికి కారణం గాలిలోని ఉప్పూ తేమా. సముద్రం మీది నుంచి వచ్చే గాలిలో సన్నని ఉప్పు కణాలుంటాయి. అవి లోహపు పిన్నుల మీద పేరుకొని గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఆ ఉప్పు తడి మీద కరెంటు ప్రవహించినప్పుడు లోహం కరిగి, తెల్లగానో ఆకుపచ్చగానో పొడి కడుతుంది. లాసన్స్ బే కాలనీ, బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్లులకు ఎంత త్వరగా తుప్పు పడుతుందో మనందరం చూస్తూనే ఉన్నాం. చార్జింగ్ పోర్టులో జరిగేది కూడా అదే.

అందుకే మన ఊళ్లో "చార్జి ఎక్కడం లేదు" అన్న ఫిర్యాదు రాగానే బ్యాటరీ పోయిందనో బోర్డు పోయిందనో అనుకోకూడదు. ముందు పోర్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించి చూడాలి. ఫోను ఆపివేసి చేయవలసిన పని ఇది. ఇంట్లో పిన్నీసుతో గీకితే లోపలి సన్నని పిన్నులు వంగిపోతాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న కిటికీ గట్టు మీద రాత్రంతా ఫోను చార్జింగ్ పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. చాలాకాలం వాడకుండా ఉంచే కెమెరాలను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఉంచండి, లేకపోతే లెన్సు లోపల బూజు పడుతుంది.

రెండో కారణం కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి సమయాల్లో కరెంటు తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి, ప్లగ్గులో వదిలేసిన చార్జర్లనూ అడాప్టర్లనూ దెబ్బతీయవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గులు తీసేయండి. వోల్టేజీ హెచ్చుతగ్గులు, ప్రకృతి వైపరీత్యాల వల్ల కలిగిన నష్టాన్ని వారంటీ పత్రాలు సాధారణంగా మినహాయిస్తాయి.

నా ఫోనుకు ఐపీ 68 ఉంది. తడిసి పాడైతే వారంటీ వస్తుంది కదా?

సాధారణంగా రాదు. ఐపీ 68 అన్నది కొత్త ఫోనును ప్రయోగశాలలో మంచినీటిలో ముంచి చేసిన పరీక్షకు ఇచ్చిన గుర్తు. అది సముద్రపు నీటికి వర్తించదు. లోపలి సీళ్లు కాలంతో పాటు వదులవుతాయి, ఒకసారి కింద పడినా, డిస్‌ప్లే మార్చడానికి విప్పినా మునుపటి బిగువు ఉంటుందని నమ్మడానికి లేదు. చాలా ఫోన్లలో తడి తగిలితే రంగు మారే చిన్న గుర్తు ఒకటి లోపల ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో ముందుగా చూసేది దాన్నే.

బీచ్‌లో అలకు ఫోను తడిసిపోయింది. వెంటనే ఏం చేయాలి?

ఫోను ఆపేయండి, పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయకండి, చార్జింగ్ అసలే పెట్టకండి. నీటిని తట్టుకొనే ఫోనైతే పైనున్న ఉప్పు నీటిని కొద్దిపాటి మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడవండి. అలాంటి రక్షణ లేని ఫోనైతే తుడిచి, సిమ్ ట్రే తీసి, అదే రోజు రిపేరు దుకాణానికి తీసుకువెళ్లి బోర్డు శుభ్రం చేయించండి. ఉప్పు నీటి విషయంలో ఒక్క రాత్రి ఆలస్యం కూడా నష్టమే. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉప్పు పోదు. పైగా సన్నని నూక, పిండి పోర్టులోకి చేరి హాని చేయవచ్చని ఆపిల్ కూడా హెచ్చరించింది.

అదనపు వారంటీ, ప్రొటెక్షన్ ప్లాన్, ఇన్సూరెన్స్ ఒకటేనా?

మూడూ వేరు. దుకాణంలో మూడింటినీ "వారంటీ" అనే అంటారు గనుకనే ఇన్ని తగాదాలు వస్తున్నాయి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే కంపెనీ ఇచ్చిన మొదటి ఏడాది ముగిసిన తరువాత, తయారీ లోపాలకు మరో ఏడాదో రెండేళ్లో అదే రక్షణ కొనసాగడం. కింద పడి పగిలినా, తడిసినా ఇది వర్తించదు. ప్రొటెక్షన్ ప్లాన్ అంటే ప్రమాదవశాత్తు పగిలినా తడిసినా బాగు చేసి ఇస్తామన్న ఒప్పందం. సాధారణంగా కొన్న రోజు నుంచో, కొన్న కొద్ది రోజుల్లోపో మొదలవుతుంది, ప్రతి క్లెయిమ్‌కూ కొంత రుసుము కట్టవలసి రావచ్చు. ఇన్సూరెన్స్ అంటే బీమా కంపెనీ పాలసీ. దొంగతనానికి కూడా వర్తించేవి ఉంటాయి గానీ, ఎఫ్ఐఆర్ కావాలి, వస్తువు వయసును బట్టి తరుగు తీసేస్తారు, ఎక్కడో మరచిపోయి పోగొట్టుకున్నదాన్ని చాలా పాలసీలు లెక్కలోకి తీసుకోవు.

ఈ తేడా ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నదాన్ని కూడా నిర్ణయిస్తుంది. బీమా పాలసీ అయితే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాదిలోగా బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది.

డబ్బు పెట్టి ప్లాన్ తీసుకోవడం లాభమా, నష్టమా?

20,000 రూపాయల ఫోనుకు ఏడాది ప్రొటెక్షన్ ప్లాన్ 2,000 అనుకుందాం. డిస్‌ప్లే పోతే రిపేరుకు 6,000, క్లెయిమ్ రుసుము 500. అంటే ప్రమాదం జరిగితే ప్లాన్ వల్ల మీకు మిగిలేది 5,500. రెండు వేలను 5,500తో భాగిస్తే సుమారు 36 శాతం వస్తుంది. ఆ ఏడాదిలో మీ ఫోను పగిలే అవకాశం మూడింట ఒకటి కన్నా ఎక్కువ అని మీకు అనిపిస్తేనే ఆ ప్లాన్ గిట్టుబాటు అవుతుంది. గాజువాక నుంచి మధురవాడకు రోజూ బండి మీద తిరుగుతూ హ్యాండిల్‌కు ఫోను తగిలించుకొనే డెలివరీ పనివారికి ఆ అవకాశం ఎక్కువే. గట్టి కవరు వేసి ఇంట్లో వాడే పెద్దవారికి తక్కువ. గత ఐదేళ్లలో మీ చేతిలో ఎన్ని ఫోన్లు పగిలాయో గుర్తు చేసుకుంటే మీ జవాబు మీకే దొరుకుతుంది.

సాధారణ ఎక్స్‌టెండెడ్ వారంటీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చవక ఫోన్లకూ ఇయర్‌బడ్స్‌కూ అది తీసుకోవద్దు. తయారీ లోపాల్లో చాలావరకు మొదటి నెలల్లోనే, అంటే కంపెనీ వారంటీలోనే బయటపడతాయి. ఖరీదైన ల్యాప్‌టాప్‌కు, అదీ తయారు చేసిన కంపెనీయే నేరుగా అమ్మే పొడిగింపైతే తీసుకోవచ్చు, ఎందుకంటే అక్కడ ఒక్క మదర్‌బోర్డు ధరే ఆ పొడిగింపు ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది. డబ్బు వెంటనే సర్దుకోలేని కుటుంబానికి మాత్రం, లెక్కలో కొంచెం నష్టంగా కనిపించినా, ప్లాన్ ఇచ్చే నిశ్చింతకు విలువుంది. ఆ అవసరాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

బిల్లు కౌంటరు దగ్గర ప్లాన్ తీసుకోమంటే ఏమేం అడగాలి?

మా అమ్మ ఫోను సంగతి చెబుతాను. నగరంలోని ఒక దుకాణంలో కొన్నప్పుడు "రెండేళ్ల పూర్తి రక్షణ" అని చెప్పి 1,499 రూపాయలు బిల్లులో కలిపారు. షరతులు కాగితం మీద ఇవ్వలేదు, ఆమె ఫోనుకు లింకు పంపారు. పద్నాలుగో నెలలో చార్జింగ్ ఆగిపోయింది. విప్పి చూసి, పోర్టులో తేమ వల్ల తుప్పు పట్టింది కాబట్టి క్లెయిమ్ చెల్లదన్నారు. ఆ ఫోను ఏనాడూ నీళ్లలో పడలేదు, సముద్రపు గాలి వచ్చే వంటింటి కిటికీ దగ్గర ఉండేది, అంతే. చివరకు డాబాగార్డెన్స్‌లో ఒక మెకానిక్ 900 రూపాయలకు పిన్ మార్చి ఇచ్చాడు. ఆ రోజు అమ్మ పక్కన నేను ఉండి షరతులు చదివి ఉంటే ఆ డబ్బు పోయేది కాదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుచేత విశాఖలో ఉండేవారు మొట్టమొదట అడగవలసింది "తేమ, తుప్పు, ఉప్పు వల్ల కలిగే నష్టం వర్తిస్తుందా?" అన్నది. ఆ తరువాత క్లెయిమ్ ఎవరు చెల్లిస్తారు, కంపెనీయా, దుకాణమా, మూడో సంస్థా? ఎన్ని గంటల్లోగా తెలియజేయాలి? వస్తువు బాగుపడకపోతే కొన్న ధర ఇస్తారా, తరుగు తీసి ఇస్తారా? డబ్బుకు బదులు కూపన్ ఇస్తారా? జవాబులు నోటిమాటగా వద్దు, షరతుల పత్రంలో ఆ వాక్యం చూపించమనండి. చూపించలేకపోతే ఆ రోజుకు ప్లాన్ లేకుండానే ఫోను కొనండి. చాలా కంపెనీలు కొన్న కొన్ని రోజుల వరకు తమ వెబ్‌సైటులో ప్లాన్ తీసుకొనే వీలిస్తాయి.

కంపెనీ సర్వీస్ సెంటర్ మంచిదా, బయటి దుకాణమా?

వారంటీ ఉన్నంతకాలం సర్వీస్ సెంటరే, ఎందుకంటే బయట విప్పిస్తే ఆ తరువాతి క్లెయిమ్‌ను తిరస్కరించే ప్రమాదముంది. వారంటీ ముగిశాక రెండు చోట్లా ధర అడగండి.

బయట "కాంబో" అంటే డిస్‌ప్లే, టచ్ కలిపిన భాగం. ఒరిజినల్, ఫస్ట్ కాపీ (నకలు), పాత ఫోను నుంచి తీసినది అని రకాలుంటాయి. అమోలెడ్ అనే ఖరీదైన రకం తెర స్థానంలో చవక ఎల్‌సీడీ వేస్తే రంగులు వెలవెలబోతాయి, తెర లోపల ఉండే వేలిముద్ర సెన్సర్ పనిచేయదు. ఏ రకం వేస్తున్నారో, ఎన్ని నెలల గ్యారంటీయో బిల్లు మీద రాయించుకోండి. బ్యాటరీ, అడాప్టర్ల మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేనివాటిని ఎంత చవకగా ఇచ్చినా ఇంట్లోకి తేవద్దు.

డిస్‌ప్లే మీద ఆకుపచ్చ గీత వచ్చినవారికి ఒక మాట. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు వారంటీ ముగిశాక కూడా దీన్ని ఉచితంగా మార్చి ఇచ్చాయి. డబ్బు కట్టే ముందు మీ మోడల్‌కు ఆ వెసులుబాటు ఉందేమో తప్పక అడగండి. వారంటీ, విడిభాగాల సమాచారం ఒకచోట దొరకడానికి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది.

రిపేరుకు ఇచ్చే ముందు ఏం చేయాలి?

బ్యాకప్ తీసుకోండి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి. బోర్డు పని అయితే పూర్తిగా రీసెట్ చేసి ఇవ్వండి. శామ్‌సంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి, వాటిని ఆన్ చేస్తే మీ ఫోటోలు, మెసేజ్‌లు ఎదుటివారికి కనిపించవు. స్క్రీన్ లాక్, యూపీఐ పిన్ ఎవరికీ చెప్పవద్దు. జాబ్ షీట్ (వస్తువు తీసుకున్నట్టు దుకాణం ఇచ్చే కాగితం) మీద ఐఎంఈఐ (ప్రతి ఫోనుకూ ఉండే ప్రత్యేక నంబరు), ఉన్న గీతలు, ఎస్టిమేట్, తేదీ ఉన్నాయో చూసి సంతకం పెట్టండి.

న్యాయమైన క్లెయిమ్‌ను తిరస్కరిస్తే ఎక్కడికి వెళ్లాలి?

తిరస్కరించిన కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, అక్కడికక్కడే పరిష్కారమయ్యేవి కూడా ఉంటాయి. కాకపోతే విశాఖపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే, పనిచేసే చోటే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, వివాదం తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్ల గడువు ఉంటుంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే పరిగణిస్తుంది కాబట్టి చిన్న రిపేరుకైనా బిల్లు అడగడానికి మొహమాటపడవద్దు.

కొత్తదానికి బదులు సెకండ్ హ్యాండ్ ఫోను కొనవచ్చా?

కొనవచ్చు, ముందు ఐఎంఈఐ చూడండి. స్టార్, హాష్, 06, హాష్ (*#06#) నొక్కితే 15 అంకెల నంబరు కనిపిస్తుంది. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోని మొబైల్ వివరాలు చూసే సేవలో దాన్ని నమోదు చేస్తే అది బ్లాక్ అయిన ఫోనా కాదా తెలుస్తుంది. పాత యజమాని బిల్లు, బ్యాటరీ ఆరోగ్యం, పాత గూగుల్ లేదా ఆపిల్ ఖాతా తొలగించారా లేదా అన్నవి కూడా డబ్బు ఇచ్చే ముందే చూసుకోవాలి.

పాత ఫోనునూ, ఉబ్బిన బ్యాటరీనీ ఏం చేయాలి?

పనిచేసే ఫోనైతే ఎక్స్‌చేంజ్ ధరను బయటి ధరతో పోల్చి ఇవ్వండి. పనిచేయనిదాన్ని చెత్త బండిలో వేయవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి కాబట్టి, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తీసుకుంటారేమో అడగండి. బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేచిందంటే వెంటనే వాడకం ఆపాలి. దాన్ని నొక్కవద్దు, గుచ్చవద్దు, చార్జింగ్ పెట్టవద్దు. పిల్లలకు అందకుండా, మండే వస్తువులకు దూరంగా, స్టీలు గిన్నెలోనో గచ్చు నేల మీదో ఉంచి, ఆ రోజే సర్వీస్ సెంటర్‌కు చేర్చండి. బస్సులో కిక్కిరిసిన జనం మధ్య జేబులో పెట్టుకొని వెళ్లవద్దు.